తలకు దెబ్బ తగిలిన సైనికుడి డిసేబిలిటీ పింఛను: చేయవలసినవి, చేయకూడనివి

కాలు పోయిన జవాను మెడికల్ బోర్డు ముందు నిలబడితే డాక్టర్లు అడిగి తెలుసుకోవలసింది పెద్దగా ఉండదు. తలకు దెబ్బ తగిలినవాడి సంగతి వేరు. మనిషి నిటారుగా నడిచివస్తాడు. పేరు, నంబరు, యూనిట్ తడుముకోకుండా చెబుతాడు. పొయ్యి మీద పాలు పెట్టి ఆ సంగతే మరిచిపోతాడనీ, పండగపూట పదిమంది మాట్లాడుతుంటే తట్టుకోలేక చీకటి గదిలోకి వెళ్ళి పడుకుంటాడనీ, బిడ్డ గట్టిగా నవ్వినా ఉలిక్కిపడి చెయ్యెత్తుతాడనీ ఇంట్లోవాళ్ళకే తెలుసు. పైగా ఏం జరిగిందో చెప్పవలసిన మనిషికే ఆ సమయం జ్ఞాపకం లేదు. గాయపడినవాడే మొదటి సాక్షి, ఆ సాక్షి జ్ఞాపకాన్నే గాయం తీసుకుపోయింది.

అందువల్ల ఈ పింఛను కేసుల్లో గెలుపోటములు దెబ్బ ఎంత పెద్దదన్నదాని మీద కన్నా, ఆ దెబ్బ గురించి ఎవరు, ఎప్పుడు, ఏం రాసిపెట్టారన్నదాని మీదే ఎక్కువగా తేలుతున్నాయి. గిద్దలూరు వైపు పల్లెల్లో, శ్రీకాకుళంలో, మిలటరీ మాధవరంలో, సికింద్రాబాదు చుట్టుపక్కల కాలనీల్లో మాజీ సైనికుల కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళను, ఎదిగిన పిల్లలను ఉద్దేశించే ఇందులో ఎక్కువ భాగం రాస్తున్నాను. కాగితం పట్టుకుని తిరగవలసింది చివరికి వాళ్ళే.

దెబ్బ తగిలిన రోజున

రక్తం కారలేదు కాబట్టి ఏమీ కాలేదని అనుకోకండి. మందుపాతర పేలినప్పుడు పుట్టే ఒత్తిడి కెరటం చర్మం చిట్లకుండానే మెదడును కుదిపేయగలదు. వాహనం లోయలోకి ఒరగడం, అబ్‌స్టకల్ కోర్సులో పైనుంచి పడటం, బాక్సింగు, బారక్ మెట్ల మీద మంచులో జారడం, వీటిలో ఏదైనా చాలు. తేలికపాటి మెదడు గాయంలో సీటీ స్కాన్ మామూలుగానే రావచ్చు. స్కానింగ్ నార్మల్ అన్న ఒక్క మాటతో కేసు మూసేయడం వైద్యపరంగా సరి కాదు. ఆ మాట విని మీరూ ఊరుకోవద్దు.

ఆసుపత్రిలో డాక్టర్లు స్పృహ స్థాయిని గ్లాస్గో కోమా స్కేలు మీద లెక్కవేస్తారు. 13 నుంచి 15 వస్తే తేలిక, 9 నుంచి 12 మధ్యస్థం, 8, అంతకన్నా తక్కువైతే తీవ్రం. ఈ అంకె కేసు షీటులో ఉందో లేదో చూసుకోవాలి. దానితోపాటు మరో మూడు సంగతులు రాయించాలి: ఎంతసేపు స్పృహ తప్పింది, తేరుకున్నాక ఎంతసేపు అయోమయంగా ఉన్నాడు, దెబ్బకు ముందూ తర్వాతా ఎంత సమయం గుర్తు లేదు. గాయం తీవ్రతను తర్వాత ఏ న్యూరాలజిస్టు అంచనా వేసినా మొదట వెతికేది వీటికోసమే. వాంతులైతే, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీరు కారితే అదీ రాయించాలి. స్కాన్ రిపోర్టుతో సరిపెట్టుకోకుండా ఫిల్మో, సీడీయో కూడా అడిగి తీసుకోవాలి.

ఇక యూనిట్ కాగితాలు. ఇంజురీ రిపోర్టు నింపారా, దెబ్బ డ్యూటీలో తగిలిందని కమాండింగ్ ఆఫీసర్ అభిప్రాయం రాశారా, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగితే అది ఏం తేల్చింది అన్నవి తెలుసుకోవాలి. జవాను మంచం మీద ఉంటే అతని బడ్డీయే ఈ పని చూడాలి. ఆ పూట పక్కన ఉన్నవాళ్ళ పేర్లు, నంబర్లు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పదేళ్ళ తర్వాత ఒకరు అస్సాంలో, ఒకరు రాజస్థాన్‌లో స్థిరపడ్డాక వెతకడం చాలా కష్టం.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు మరో మాట గట్టిగా చెప్పాలి. లో మెడికల్ కేటగిరీ పడుతుందని, ప్రమోషన్ ఆగిపోతుందని, యూఎన్ మిషన్‌కు పేరు రాదని తలనొప్పినీ కళ్ళు తిరగడాన్నీ దాచిపెట్టకండి. మాత్ర వేసుకుని పరేడ్‌కు వెళ్ళినవాడిని పక్కవాళ్ళు మెచ్చుకుంటారు, నిజమే. ఆ మెచ్చుకోలు మెడికల్ రికార్డులోకి ఎక్కదు. పదిహేనేళ్ళ సర్వీసు తర్వాత రిలీజ్ మెడికల్ బోర్డులో మొదటిసారి నోరు విప్పితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు ఉండదు. మొదటి దెబ్బ మానకముందే రెండోసారి తలకు తగిలితే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది. దాచడం వల్ల పింఛనుతో పాటు మనిషికే ముప్పు.

సెలవులో జరిగిన ప్రమాదాల విషయంలో గందరగోళం ఎక్కువ. రైల్వే వారంటు మీద గానీ, కన్సెషన్ వోచరు మీద గానీ, ప్రభుత్వ ఖర్చుతో గానీ డ్యూటీ స్థలం నుంచి ఇంటికి వెళుతున్నప్పుడు, ఇంటి నుంచి తిరిగి వస్తున్నప్పుడు జరిగిన ప్రమాదాన్ని నిబంధనలు డ్యూటీ కిందే లెక్కిస్తాయి. కాబట్టి టికెట్టు, సెలవు సర్టిఫికెట్టు, ఎఫ్ఐఆర్ నకలు, మొదట చేర్చిన ఆసుపత్రి కాగితం పారేయకూడదు. ఊరు చేరి, సెలవు గడుపుతూ సొంత పని మీద వెళ్ళి పడితే మాత్రం దారి కష్టం. సెలవులో బంధువుల ఇంట్లో పడి గాయపడిన ఒక నాయక్ కేసులో సుప్రీంకోర్టు 2015లో, సైనిక సేవకూ ఆ గాయానికీ ఏదో ఒక సంబంధం కనబడాలని తేల్చి పింఛను నిరాకరించింది. తెలిసినవాళ్ళు ఎవరైనా, అదేం ఫరవాలేదు, సెలవు కూడా డ్యూటీయేనని ధైర్యం చెబితే ఆ ఒక్క మాట నమ్మి డబ్బు ఖర్చు పెట్టకండి.

మెడికల్ బోర్డు ముందు

బోర్డుకు కనీసం నెల ముందు నుంచి ఇంట్లోవాళ్ళు ఒక డైరీ రాయడం మొదలుపెట్టాలి. పెద్ద భాష అక్కర్లేదు. "మంగళవారం: బజారుకు వెళ్ళి దారి తప్పాడు. రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాడు. ఉప్పు డబ్బా కోసం అడిగి, ఇచ్చాక ఎందుకు అడిగాడో చెప్పలేకపోయాడు." ఇలా తేదీ వేసి రాస్తే చాలు. మతిమరుపు ఎక్కువగా ఉందని వట్టిగా చెబితే డాక్టరు ఒక ముక్కలో రాసుకుని ముందుకు పోతారు. ఎన్నిసార్లు, ఎలా, దాని వల్ల ఏ పని ఆగిపోయింది అన్నది రాసి ఇస్తేనే వైకల్య శాతం లెక్కలోకి వస్తుంది.

మెదడు గాయం వల్ల వచ్చే బాధలు చాలా రకాలు. తలనొప్పి, కళ్ళు తిరగడం, చెవిలో హోరు, వెలుతురు పడకపోవడం, వాసన తెలియకపోవడం, నిద్ర పట్టకపోవడం, కోపం, దిగులు, మాట వెతుక్కోవడం, ఫిట్స్. వీటిని విడివిడిగా చెప్పి, విడివిడిగా రాయించుకోవాలి. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనా వేగం కొలిచే న్యూరోసైకాలజీ పరీక్షలు ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల వీటిని పద్ధతిగా చేస్తారు. స్కానింగులో కనబడని నష్టం ఈ పరీక్షల్లో అంకెల రూపంలో బయటపడుతుంది. వీలైతే బోర్డుకు ముందే చేయించండి. ముందు కుదరకపోతే అప్పీలుకైనా పనికొస్తుంది.

చేయకూడని వాటిలో మొదటిది, పెద్ద ఆఫీసరు ముందు కూర్చున్నానన్న మర్యాద కొద్దీ "బాగానే ఉన్నాను సార్" అనడం. ఆ మూడు మాటలు ప్రొసీడింగ్స్‌లోకి ఎక్కితే తీసేయడం ఎవరి తరమూ కాదు. రెండోది, లేనిది కల్పించి చెప్పడం. పరీక్షల్లో కావాలని తప్పులు చేస్తే అనుభవం ఉన్న డాక్టరు పట్టుకుంటారు. ఒక్క అబద్ధం దొరికితే మిగిలిన నిజాలన్నీ అనుమానంలో పడతాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తలకు దెబ్బ తగిలిన మనిషి బతుకులో చెప్పుకోవలసిన నిజాలే చాలా ఉన్నాయి.

బోర్డు రాసే రోగం పేరు మీద కన్నేసి ఉంచండి. దెబ్బ తర్వాత మనిషి స్వభావం మారితే దాన్ని తల గాయంతో కలపకుండా వట్టి మానసిక జబ్బుగా రాసి, పుట్టుకతో వచ్చిన స్వభావమని తేల్చేయడం జరుగుతూ ఉంటుంది. అలా రాస్తే పింఛను తలుపు అక్కడే మూసుకుంటుంది. గాయం తేదీ, ఆసుపత్రిలో చేరిన తేదీ చూపించి, ఈ మార్పుకూ ఆ గాయానికీ ఉన్న సంబంధం మీద బోర్డు అభిప్రాయం రాయాలని రాతపూర్వకంగా కోరండి. ప్రొసీడింగ్స్ ఫారం ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16. దాని నకలు చేతికి రాకపోతే సమాచార హక్కు చట్టం కింద రికార్డ్స్ ఆఫీసును అడగండి. చదవకుండా దేని మీదా సంతకం పెట్టకండి. చదివినా అర్థంకాని స్థితిలో మనిషి ఉంటే, భార్యో అన్నదమ్ములో పక్కన ఉండటానికి అనుమతి అడగండి.

తిరస్కరణ లేఖ వచ్చాక

చాలామంది ఈ లేఖ చూడగానే కుప్పకూలిపోతారు, లేదా కోపంతో చించేస్తారు. రెండూ వద్దు. లేఖ వచ్చిన కవరు కూడా దాచండి. గడువు లెక్కకు దాని మీద పోస్టాఫీసు ముద్ర అవసరమవుతుంది.

లేఖలో కారణం ఏం రాశారో మొదట చూడాలి. ఎక్కువగా కనబడేది ఎన్ఏఎన్ఏ. ఈ జబ్బు సైనిక సేవ వల్ల వచ్చింది కాదు, సేవ వల్ల ముదిరిందీ కాదు అని అర్థం. సుప్రీంకోర్టు 2013 జులై 2న ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ కారణానికే జవాబు. ఆయన 1985లో సిగ్నల్స్ కోర్‌లో చేరిన జవాను. మూర్ఛ వచ్చిందని, 20 శాతం వైకల్యమని 1994లో బోర్డు అవుట్ చేసి, అంటే అనారోగ్యం కారణంగా సర్వీసులోంచి పంపించేసి, జబ్బు సేవకు సంబంధించినది కాదంటూ పింఛను ఇవ్వలేదు. చేరేటప్పుడు పరీక్షించిన డాక్టర్లు ఏ లోపమూ రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి, తర్వాత వచ్చినది సేవ వల్ల కాదని చెప్పేవాళ్ళే కారణాలతో చూపించాలి, సందేహం మిగిలితే దాని లాభం సైనికుడికే దక్కాలి అని కోర్టు తేల్చింది. నిరూపణ భారం సైనికుడి మీద లేదన్న మాట ఆ తీర్పుకు ఆయువుపట్టు. మీ అప్పీలులో ఈ తీర్పు పేరు తప్పనిసరిగా ఉండాలి.

ఆ తీర్పులోనే కోర్టు సైనిక వైద్యాధికారుల మార్గదర్శక పుస్తకాన్నీ ఉదహరించింది. తలకు గాయమో, ఇన్ఫెక్షనో తగిలిన ఏడేళ్ళ దాకా కూడా మూర్ఛ మొదలుకావచ్చని, మూర్ఛ కేసులను తిరస్కరించేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలని అందులో ఉంది. ఇది ఎంత ముఖ్యమో ఆలోచించండి. 2015లో వాహన ప్రమాదం, 2020లో మొదటి ఫిట్. రెంటికీ మధ్య ఐదేళ్ళు గడిచాయి కాబట్టి సంబంధం లేదని బోర్డు రాస్తే, వాళ్ళ పుస్తకమే వాళ్ళకు జవాబు చెబుతుంది.

రెండో కారణం, వైకల్యం 20 శాతం కన్నా తక్కువ అనడం. కాలం పూర్తిచేసి రిటైరైనవాళ్ళకు ఆ 20 శాతం గీత ముఖ్యం. జబ్బు కారణంగానే సర్వీసులోంచి పంపించేసినవాళ్ళ మాట వేరు. పంపించేయవలసినంత వైకల్యం ఉంటే అది 20 శాతానికి పైనే అని భావించాలని 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడోది, శాతాన్ని గుండ్రం చేయకపోవడం. 50కి లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా లెక్కించే పద్ధతి ఉంది. మొదట దాన్ని బోర్డు అవుట్ అయినవాళ్ళకే ఇచ్చేవారు. కాలం పూర్తిచేసి రిటైరైనవాళ్ళకూ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో కోర్టు ఒప్పుకుంది.

దీనివల్ల చేతికొచ్చే తేడా చూడండి. నూరు శాతం వైకల్యానికి డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే పింఛనులో వైకల్యం కింద వచ్చే భాగం, చివరి జీతంలో 30 శాతం. చివరి జీతం 40,000 రూపాయలైతే, 20 శాతం వైకల్యానికి నెలకు 2,400. అదే 50గా గుండ్రం చేస్తే 6,000. దాని మీద డియర్‌నెస్ రిలీఫ్ కూడా వస్తుంది. సరిహద్దు కాల్పుల్లోనో, తీవ్రవాదులు పెట్టిన మందుపాతర వల్లనో గాయమైతే అది ఇ కేటగిరీలో పడాలి, అప్పుడు వచ్చేది యుద్ధ గాయపు పింఛను. దాని లెక్క ఇంకా ఎక్కువ. గాయం నిజంగా ఇ కిందకు వస్తుంటే, డ్యూటీలో జరిగే మామూలు ప్రమాదాల సి కేటగిరీలో పెట్టి పంపిన కాగితాన్ని తల వంచుకుని తీసుకోకండి.

ఏ నిబంధనలు మీకు వర్తిస్తాయో సర్వీసు ముగిసిన తేదీని బట్టి ఉంటుంది. పాతవాళ్ళకు 1982 నిబంధనలు, 2008 జనవరి నుంచి 2008 నిబంధనలు, 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్తవి. కొత్త నిబంధనలు చాలా విషయాల్లో గీత బిగించాయి. ఊళ్ళో ఇంకొకరికి వచ్చిన ఆర్డరును చూసి మీ అప్పీలు రాయడం అందుకే ప్రమాదం. ఆయన 1998లో వచ్చి ఉంటారు, మీరు 2024లో వచ్చి ఉంటారు.

గడువులు. మొదటి అప్పీలు రికార్డ్స్ ఆఫీసు ద్వారా వెళుతుంది, సాధారణంగా ఆరు నెలల లోపు. అదీ కొట్టేస్తే రెండో అప్పీలు, దానికీ ఆరు నెలలు. తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళ కేసులు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. ఈ ట్రిబ్యునల్ 2007 చట్టం కింద ఏర్పడి 2009లో పని మొదలుపెట్టింది. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్ళాలి. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు, ఆ తర్వాతి ఆరు నెలల్లో ట్రిబ్యునల్ తలుపు తట్టవచ్చు. లాయరు లేకుండా సొంతంగా కూడా వాదించుకోవచ్చు. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టులో రిట్ వేసుకునే దారి ఉందని సుప్రీంకోర్టు 2023 మార్చిలో స్పష్టం చేసింది.

గడువు దాటిపోయిందని ఇంట్లో కూర్చున్నవాళ్ళు చాలామంది. ఆలస్యం మాఫీ కోసం కారణాలతో దరఖాస్తు పెట్టవచ్చు. తల గాయమే ఆ ఆలస్యానికి కారణమని డాక్టరు కాగితంతో చూపించవచ్చు. 2008లో తర్సేమ్ సింగ్ కేసు ప్రకారం పింఛను నెలనెలా పుట్టే హక్కు. ఆలస్యమైనా హక్కు చచ్చిపోదు, కాకపోతే బకాయిలు కేసు వేసిన తేదీకి వెనక మూడేళ్ళకే పరిమితమవుతాయి. ఆలస్యానికి చెల్లించే మూల్యం అది. ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. 2008 నిబంధనల ప్రకారం సర్వీసు వదిలి పదిహేనేళ్ళు దాటి, పాత కాగితాలు నాశనమయ్యాక క్లెయిము పెడితే, నిరూపించే భారం సైనికుడి మీదికి వస్తుంది. పిల్ల పెళ్ళి అయ్యాక చూద్దాం, ఇల్లు కట్టాక చూద్దాం అని వాయిదా వేసేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి.

నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించేది, గెలిచిన జవాను మీద ప్రభుత్వమే మళ్ళీ కోర్టుకెక్కడం. 2015లో రక్షణ మంత్రి వేసిన నిపుణుల కమిటీ కూడా వైకల్య పింఛను కేసుల్లో ఇలాంటి అప్పీళ్ళను తగ్గించాలని, వెనక్కి తీసుకోవాలని సిఫారసు చేసింది. అయినా ఆగలేదు. ట్రిబ్యునల్‌లో గెలిచాక కూడా ఫైలు మూసేసి అటక మీద పడేయకండి. ఆర్డరు అమలయ్యేదాకా కాగితాలు చేతికందేలా ఉండాలి.

ఇంట్లో భద్రత

అప్పీలు ఏళ్ళు పట్టవచ్చు. ఈలోగా మనిషి క్షేమంగా ఉండాలి. కేసు గెలిచే నాటికి మనిషే లేకుండా పోయిన ఇళ్ళు ఉన్నాయి.

ఫిట్స్ ఉంటే మోటారు సైకిలు తాళం ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉండాలి. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులోనే మూర్ఛ గురించి, హఠాత్తుగా స్పృహ తప్పడం గురించి ప్రశ్న ఉంటుంది. దానికి అబద్ధం రాయకండి. బావి గట్టు, చెరువు, మేడ మీద పిట్టగోడ లేని చోటు, పొలంలో మోటారు స్టార్టరు, వీటి దగ్గరకు ఒంటరిగా పంపకండి. బాత్‌రూమ్ తలుపుకు లోపలి గడియ తీసేయండి. మాజీ సైనికులు చాలామంది సెక్యూరిటీ గార్డు ఉద్యోగాల్లో చేరతారు. రాత్రి డ్యూటీ, నిద్రలేమి ఫిట్స్‌ను రెచ్చగొడతాయి. తుపాకీ పట్టుకునే గన్‌మన్ ఉద్యోగం అసలే వద్దు. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే పోలీసు స్టేషన్లో అప్పగించండి.

ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం మన దగ్గర ఇంకా పోలేదు. ఇవేవీ చేయకండి. చెంచా వల్ల పళ్ళు విరుగుతాయి, ఊపిరి అడ్డుపడుతుంది. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి మెలకువ రాకుండానే మరొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు పోయకండి. వీలైతే ఇంకొకరు ఫోన్లో వీడియో తీయాలి. న్యూరాలజిస్టుకు అది ఎన్నో ప్రశ్నలు తప్పిస్తుంది, తర్వాత అప్పీలులో కూడా సాక్ష్యంగా నిలుస్తుంది. ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో మందు లేదన్నారని రెండు రోజులు మానేసినా ప్రమాదమే. ముందే తెచ్చి ఉంచుకోండి.

క్యాంటీన్ మందు గురించి చెప్పక తప్పదు. మెదడుకు దెబ్బ తగిలినవాడికి మద్యం మామూలు మనిషికన్నా తొందరగా ఎక్కుతుంది, ఫిట్స్‌నూ కోపాన్నీ పెంచుతుంది. అది మనిషిని పాడుచేయడంతో పాటు కేసునూ పాడుచేస్తుంది. మతిమరుపు తాగుడు వల్లనే వచ్చిందని రాయడానికి అవతలివాళ్ళకు దారి దొరుకుతుంది. కోటా బాటిళ్ళు ఇంటికి తేవడం మానేయండి.

కోపం హద్దు దాటినప్పుడు వాదించకండి. పిల్లలను పక్క గదికి పంపి, టీవీ ఆపి, లైటు తగ్గించండి. ఆ పూటకు మాట మార్చండి. బతకాలని లేదన్న మాట అతని నోట వస్తే బెదిరింపుగా తీసిపారేయకండి. టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చేసిన తప్పు ఏదీ లేకుండానే మారిపోయిన మనిషి ఆయన. ఇల్లాలు మోస్తున్నది కూడా గాయమే, దాన్ని ఎవరూ శాతాల్లో కొలవరు.

డబ్బు, దళారులు

మతిమరుపు ఉన్న పింఛనుదారుడు మోసగాళ్ళకు తేలిగ్గా దొరికిపోతాడు. పింఛను పోర్టల్ స్పర్శ్ లాగిన్, పాస్‌వర్డు ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి. ఫోన్లో ఓటీపీ అడిగినవాడు మిలటరీ భాష మాట్లాడినా, పాత యూనిట్ పేరు చెప్పినా ఇవ్వకండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు వేసే నెల గోడ క్యాలెండరు మీద ఎర్రగా గుర్తు పెట్టండి. అది మరిచిపోతే ఉన్న పింఛను కూడా ఆగిపోతుంది. డిశ్చార్జి బుక్కులో, పింఛను మంజూరు ఉత్తర్వులో (పీపీఓ), ఆధారులో భార్య పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి.

బకాయిల్లో ఇంత వాటా ఇస్తే కేసు గెలిపిస్తానని చెప్పేవాడిని గడప దాటనివ్వకండి. ఫలితం మీద వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే నిషిద్ధం. ఖాళీ కాగితాల మీద సంతకం, అసలు కాగితాలు అప్పగించడం రెండూ వద్దు. నకళ్ళు మాత్రమే ఇవ్వండి. వైకల్యం ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. ఫోను 15100. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన పేరుతో సైనిక బోర్డుల్లో న్యాయ సహాయ కేంద్రాలు తెరవడం మొదలుపెట్టింది.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ తలకు దెబ్బ తగిలి సర్వీసు వదిలి వచ్చిన మనిషి ఉంటే, ఆయన డిశ్చార్జి బుక్కు, ఆసుపత్రి కాగితాలు, తిరస్కరణ లేఖ ఒక ఫైల్లో పెట్టి ఈ వారంలోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. ఆయనను ఒంటరిగా పంపకండి. మీరు కూడా వెళ్ళండి.